తాడు ఎవరి చేతికిస్తారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే రంగానికి సంబంధించినవి. జనాన్ని కొండలెక్కించే గైడ్ కంపెనీల్లో పనిచేసేవాళ్లవి, చేయాలనుకునేవాళ్లవి. తిరుపతి చుట్టుపక్కల ఈ పని బాగా పెరిగింది. చెన్నై, బెంగళూరు నుంచి శనివారం రాత్రి బయల్దేరి నాగలాపురం కోనలకు, తలకోనకు వస్తున్నారు. ఇక్కడి కంపెనీలే వేసవిలో హిమాలయాలకు బ్యాచ్‌లు తీసుకెళ్తున్నాయి. నేను తాళ్ల పని చేసి, నేర్పి బతికినదాన్ని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాది చంద్రగిరి దగ్గర పల్లె. నాకు 26 ఏళ్లు. ఉత్తరకాశీలో పర్వతారోహణ బేసిక్, అడ్వాన్స్ కోర్సులు చేశాను, రెండింట్లోనూ ఏ గ్రేడ్ వచ్చింది. తిరుపతిలో ఒక చిన్న ట్రెక్కింగ్ కంపెనీలో గైడ్‌ని. మొత్తం ఏడుగురం, నేనొక్కదాన్నే అమ్మాయిని. పేరుకే గైడ్. నాతో చేయించేది వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం, ఫస్ట్ ఎయిడ్ పెట్టె మోయడం, ఆడవాళ్లుంటే వాళ్లకు తోడు నడవడం, పొద్దున ఉప్మా అందరికీ అందిందా అని చూడడం. బండ మీద తాళ్లు కట్టే పని నా దగ్గరే నేర్చుకున్న అబ్బాయికి ఇస్తారు. జీతం కూడా అతనికే ఎక్కువ. అడిగితే "అమ్మాయి తాడు పట్టుకుంటే కస్టమర్లు భయపడతారు" అంటారు మా సార్. పోయిన మే నెలలో హిమాలయాల్లో ఒక పాస్ (కొండల మధ్య దాటే కనుమ) కింద మబ్బు కమ్ముకొస్తుంటే వెనక్కి తిరుగుదామన్నాను. లీడర్ అందరి ముందూ "భయమైతే నువ్వు క్యాంపులో ఉండు" అన్నాడు. ఆ రోజు ఏమీ కాలేదు. టెంపోలో, క్యాంపులో అతను వేసే జోకులు ఇక్కడ రాయలేను. నా ఒంటి గురించి వాట్సాప్ గ్రూపులో కూడా రాశాడు. ఇంట్లో చెబితే మానేయమంటారు. మానేయాలా?
– పేరు వద్దు, తిరుపతి జిల్లా

జవాబు: చెల్లీ, ముందు ఆ పాస్ కింద జరిగింది మాట్లాడుకుందాం. ఉత్తరం మధ్యలో నాలుగు ముక్కల్లో రాసి దాటేశావు. నాకు మాత్రం నీ జీతం కంటే, తాళ్ల పని కంటే అదే పెద్ద విషయంగా కనిపించింది.

1996 మే 10న ఎవరెస్ట్ మీద తుపాను విరుచుకుపడింది. దానిలో ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో ఇద్దరు, పేరున్న గైడ్ కంపెనీల లీడర్లే. మధ్యాహ్నం ఒంటిగంటకు, మహా అయితే రెండింటికి, ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందే మాట్లాడుకున్నారు. ఆ వేళ దాటిపోయాక కూడా చాలామంది ఎక్కుతూనే పోయారు. ఆ కంపెనీల్లో ఒకదానిలో మూడో స్థానంలో ఉన్న గైడ్ ఆ తర్వాత ఒక మాట చెప్పాడు. తనకు సందేహాలున్నా, వరుసలో తనది కింది స్థానం కాబట్టి గట్టిగా అడ్డుచెప్పలేకపోయానని. తుపాను ఎవరి చేతిలోనూ లేదు. ఒక గైడ్ నోరు విప్పగలగడం మాత్రం పూర్తిగా కంపెనీ చేతిలో ఉంది. గైడ్ కంపెనీలో అందరినీ కలుపుకుపోవడం అంటే నాకు మొదట తోచేది ఇదే. ఆగుదాం అన్న మాట ఎవరి నోట వచ్చినా దానికి ఒకే విలువ ఉండాలి.

ఇంకో సంగతి. లీడర్ నిన్ను అన్న మాట బ్యాచ్ మొత్తం విన్నది. ఎత్తు మీద తలనొప్పి, వాంతులు మొదలైన మనిషి వెంటనే చెప్పాలి. దాచుకుని ఇంకా పైకెక్కితే ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో నీరు చేరి ప్రాణం మీదికొస్తుంది. కోర్సు చేసిన గైడ్‌నే అలా తీసిపారేయడం చూశాక, తన తలనొప్పి సంగతి ఏ కస్టమర్ ధైర్యంగా చెబుతాడు? మీ సార్‌తో మాట్లాడేటప్పుడు దీంతోనే మొదలుపెట్టు. నీకు జరిగిన అవమానంగా చెబితే ఆయన సర్దిచెప్పి పంపుతాడేమో. కస్టమర్ ప్రాణం సంగతిగా చెబితే వినక తప్పదు, ఎందుకంటే ఏదైనా జరిగితే పోలీసులు మొదట వచ్చేది ఆయన దగ్గరికే. అడగాల్సింది కూడా సూటిగా అడుగు. బయల్దేరే ముందు రాత్రే వెనక్కి తిరిగే వేళ ఖాయం చేసి, కస్టమర్లతో సహా అందరికీ చెప్పాలి. గైడ్లలో ఏ ఒక్కరు ఆగుదామన్నా అక్కడ ఆగాలి. వాదన ఉంటే కిందికి దిగాక పెట్టుకోవచ్చు. నేను లీడ్ చేసిన బ్యాచ్‌లన్నిటిలో ఇదే పద్ధతి పెట్టాను, దీనివల్ల శిఖరం దాకా వెళ్లలేకపోయిన రోజులూ ఉన్నాయి. కస్టమర్లు గొణిగారు, మళ్లీ వచ్చారు.

ఇక తాళ్లు. "అమ్మాయి తాడు పట్టుకుంటే" అన్న మాట భువనగిరి బండ మీద నేర్చుకునే రోజుల నుంచీ వింటున్నాను. ఇది తాళ్ల పని తెలియనివాళ్లు అనే మాట. పైనుంచి జారిన మనిషిని ఆపేది కండబలం కాదని బేసిక్ కోర్సులోనే చెబుతారు. తాడు బిలే పరికరంలో (ఎక్కే మనిషి తాడును కింద నుంచి పట్టి ఉంచే సాధనం) వంపు తిరిగి వెళ్తుంది, ఆ రాపిడి బరువును పట్టేస్తుంది. కింద ఉన్నవాళ్లు చేయాల్సిందల్లా తాడును ఆపి పట్టే చెయ్యి, అంటే బ్రేక్ చెయ్యి, తాడు మీంచి తీయకపోవడం, పైనున్న మనిషి మీంచి కళ్లు తీయకపోవడం. ఎక్కే మనిషి తనకంటే బాగా బరువైతే బిలే చేసేవాళ్లు తమను నేల దగ్గర ఒక యాంకర్‌కి, అంటే కదలని ఆధారానికి, కట్టుకుంటారు. బక్కగా ఉన్న మగపిల్లాడైనా అదే చేయాలి. తాడు పట్టుకుని బండ మీంచి కిందికి దిగే రాపెల్లింగ్‌లో ఇంకా చూసుకోవాలి. యాంకర్ రెండు వేర్వేరు చోట్ల కట్టారా, విడిగా సేఫ్టీ తాడు ఉందా, కారాబినర్ (తాడు తగిలించే ఇనుప కొక్కెం) లాక్ బిగిసిందా, నడుముకు, తొడలకు కట్టే హార్నెస్ పట్టీ సరిగా బిగించారా, జుట్టు, దుపట్టా పరికరంలో పడకుండా ముడి వేశారా. ఒక్కో మనిషి దగ్గరా, ఎండలో, విసుగు లేకుండా, నలభయ్యో మనిషి దగ్గర కూడా మొదటి మనిషికి చూసినంత శ్రద్ధగా చూడాలి. ఈ పనికి ఎవరు సరిపోతారో పరీక్ష పెట్టి తేల్చొచ్చు. మీ సార్‌ని అదే అడుగు: "మా ఏడుగురికీ ఒకే బండ మీద పరీక్ష పెట్టండి, కట్టు సరిగా కట్టినవాళ్లకి తాడు ఇవ్వండి."

కస్టమర్ల భయం అబద్ధమని అనను. మొదటిసారి బండ అంచున నిలబడ్డ మనిషికి అన్నీ భయాలే. ఆ భయం పోయేది కంపెనీ నిన్ను ఎలా పరిచయం చేస్తుందన్నదాన్ని బట్టి. పొద్దున బ్రీఫింగ్‌లో యజమాని నిలబడి "ఈరోజు తాళ్ల బాధ్యత ఈమెది, ఉత్తరకాశీలో శిక్షణ పొందింది, బండ మీద ఈమె మాటే చివరి మాట" అంటే చాలు. "ఈ అమ్మాయి మీకు సాయంగా ఉంటుంది" అని పరిచయం చేసి, తర్వాత జనం నమ్మడం లేదంటే ఎలా?

ఒక చిన్న పని ఈ వారమే మొదలుపెట్టు. నోటుబుక్‌లో తేదీ, చోటు, బ్యాచ్‌లో ఎంతమంది, యాంకర్ ఎవరు కట్టారు, నువ్వేం చేశావు రాసుకో, ఆ రోజు లీడర్ చేత సంతకం పెట్టించు. ఇక్కడున్నా, ఇంకో కంపెనీకి వెళ్లినా నీ అనుభవానికి సాక్ష్యం అదే. డ్యూటీ చార్ట్‌లో నీకు తాళ్ల పని వరసగా ఇవ్వమని నోటితో కాకుండా మెయిల్‌లో అడుగు. జీతం సంగతి కూడా దాన్లోనే రాయి. ఒకే పని చేసే ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకే వేతనం ఇవ్వాలన్న చట్టం మన దేశంలో 1976లోనే వచ్చింది. నీకు తాళ్ల పని ఇవ్వకుండా ఉంచితే "పని వేరు కదా" అనే సాకు వాళ్లకు దొరుకుతుంది, అందుకే రెండూ కలిపి అడగాలి.

జోకుల గురించి నీ ఉత్తరంలో సిగ్గుపడుతూ రాశావు. సిగ్గుపడాల్సింది నువ్వు కాదమ్మా. పని చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం నీకు పూర్తిగా వర్తిస్తుంది. ఆఫీసు గది దాకే అనుకోకు. పని మీద వెళ్లిన చోటు, కంపెనీ ఏర్పాటు చేసిన వాహనం కూడా పని చోటే, కాబట్టి క్యాంపూ టెంపో రెండూ వస్తాయి. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థ సొంతంగా అంతర్గత కమిటీ పెట్టుకోవాలి. మీరు ఏడుగురే కాబట్టి జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు, కలెక్టరేట్‌లో అడిగితే చెబుతారు. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వగలదు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. గ్రూపులో అతను రాసినవి స్క్రీన్‌షాట్ తీసి భద్రపరుచుకో, ఈరోజే తీసుకో, డిలీట్ చేసేస్తారు. టెంపోలో అన్న మాటలు తేదీతో సహా రాసి పెట్టుకో. ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది నీ ఇష్టం. సాక్ష్యం దాచుకోవడం మాత్రం వాయిదా వేయకు.

నువ్వు రాయలేదు గానీ నేను అడుగుతాను. నీకు విడి టెంటు ఇస్తున్నారా? నెలసరి రోజుల్లో ఏం చేస్తున్నావు? మన కోనల్లో మగవాళ్లు చెట్టు చాటుకు వెళ్లొస్తారు. ఆడవాళ్లు పొద్దున్నించీ నీళ్లు తాగడం మానేసి నడుస్తారు, మన ఎండలో అది వడదెబ్బకు దారి. టాయిలెట్ టెంటు ఒకటి బ్యాచ్‌తో పాటు వెళ్లాలి, రెండు గంటలకోసారి ఆగే చోట్లు ముందే చెప్పాలి, వాడిన ప్యాడ్లు వంకలో పడేయకుండా తిరిగి తేవడానికి గట్టి కవర్లు ఇవ్వాలి. ఇవి నీ ఒక్కదాని కోసం కంపెనీ చేసే ఉపకారంగా అడగకు. వచ్చే కస్టమర్లలో ఆడవాళ్లు ఎంతమందో మీ సార్‌కి తెలుసు.

ఆడవాళ్ల బ్యాచ్‌లకు నిన్ను పంపడం తప్పని నేననను. నేపాల్‌లోని పోఖరాలో ముగ్గురు అక్కచెల్లెళ్లు 1990ల్లో ఆడవాళ్లకు ఆడ గైడ్లే ఉండే ట్రెక్కింగ్ కంపెనీ మొదలుపెట్టి, పల్లెటూరి అమ్మాయిలకు గైడ్ శిక్షణ ఇచ్చారు. అక్కడ మొత్తం ట్రెక్ నడిపేది ఆడవాళ్లే, దారి ఎటో తేల్చేదీ వాళ్లే. నీకు ఇచ్చింది తోడు నడిచే పని. తేడా అక్కడుంది.

మానేయాలా అంటే, ఈ నెల మానేయకు. మెయిల్ పెట్టు, పరీక్ష అడుగు, వెనక్కి తిరిగే వేళ గురించి అడుగు. రెండు నెలలు చూడు. తాళ్ల పని ఆలస్యంగా ఇచ్చినా ఓపిక పట్టొచ్చు. కానీ ఇంకోసారి కొండ మీద నువ్వు ఆగుదామంటే ఆ లీడర్ నవ్వి ముందుకు పోయి, మీ సార్ దానికి అడ్డు చెప్పకపోతే, ఆ కంపెనీలో ఉండకు. ఏ గ్రేడ్‌లు ఉన్న గైడ్‌కి పని దొరుకుతుంది.

ప్రశ్న: నమస్కారం మేడమ్. నాగలాపురం, తలకోన వైపు ట్రెక్కులు నడుపుతాను. మాకు దారి చూపే యానాది పెద్దాయన ఒకరున్నారు, 50 దాటాయి. అడవి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. రోజుకూలీ ఇస్తాను. ఈ మధ్య కస్టమర్లు ఆయన్ని "రేయ్" అంటున్నారు, బ్యాగులు మోయిస్తున్నారు. మా కుర్రగైడ్లూ అలాగే పిలుస్తున్నారు. ఆయన అందరూ తిన్నాక ఒక పక్కన కూర్చుని తింటాడు, పిలిచినా రాడు, అలవాటు అంటాడు. కస్టమర్లను ఏమైనా అంటే రివ్యూలు చెడతాయని భయం. ఏం చేయమంటారు?
– ఒక నిర్వాహకుడు, తిరుపతి

జవాబు: మీకు బాధ కలిగింది కాబట్టే రాశారు. ఆ బాధను ఆదివారం పొద్దునకల్లా పనిలో పెట్టండి.

మీ కుర్రగైడ్లతో మొదలుపెట్టండి, ఎందుకంటే కస్టమర్లు వాళ్లను చూసే నేర్చుకుంటారు. గైడ్ "అన్నా, ఇటేనా దారి?" అంటే చెన్నై నుంచి వచ్చిన పిల్లలు "అన్నా" అనే అంటారు. ఈ మాట తప్పిన గైడ్‌కి తర్వాతి ట్రెక్ ఇవ్వనని చెప్పండి. బ్రీఫింగ్‌లో మీ పక్కన ఆయన్ని నిలబెట్టి, పేరు చెప్పి, ఈ అడవిలో దారి నిర్ణయించేది ఈయనేనని చెప్పండి. మీ గైడ్లు వేసుకునే టీషర్టు, విజిల్, వాకీటాకీ ఆయనకూ ఇవ్వండి. బ్యాగులు మోయడం ఆయన పని కాదని బుకింగ్ ఫారంలోనే రాయండి, మోయించుకోవాలంటే వేరే మనిషిని పెట్టి వేరే డబ్బు తీసుకోండి. రివ్యూ గురించి నా అభిప్రాయం ఒకటే. పెద్దాయన్ని "రేయ్" అనడానికి వీల్లేదన్నందుకు ఒక స్టార్ తగ్గించే కస్టమర్ మళ్లీ రాకపోయినా మీకు నష్టం లేదు. ఎవరైనా కులం పేరుతో నలుగురిలో అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద అది నేరం, యానాదులు ఎస్టీలు. ఈ సంగతి మీ గైడ్లకు తెలిసి ఉండాలి.

తిండి దగ్గర "అలవాటు" అన్నారు. ఎన్ని చోట్ల పక్కకు కూర్చోబెడితే ఆ అలవాటు అయిందో ఆలోచించండి. బలవంతంగా మధ్యలో కూర్చోబెట్టి ఇబ్బంది పెట్టకండి. మీరే ప్లేటు తీసుకుని వెళ్లి ఆయన పక్కన కూర్చోండి, ప్రతి ట్రెక్‌లోనూ. గైడ్లు వాళ్లంతట వాళ్లే చేరతారు.

దీన్ని మర్యాదకే వదిలేస్తే సగమే చేసినట్టు. నాగలాపురం కోనల్లో మడుగుల్లో దిగి ఈదే జనానికి పెద్ద ప్రమాదం పైన ఎక్కడో కురిసిన వాన. ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది, నీటి రంగు మారుతుంది, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తాయి, కాసేపట్లో వంక నిండిపోతుంది. ఆ మార్పు మొదట పసిగట్టేది ఆయనే. "అందరూ పైకి రండి" అని ఆయన అరిస్తే, పొద్దున "రేయ్" అన్నవాళ్లు కదులుతారా? పైన చెల్లికి రాసిన మాటే మీకూ. ఆగమని చెప్పే అధికారం ఆయనకు ఇచ్చి, ఆ సంగతి అందరికీ వినిపించేలా చెప్పండి.

డబ్బు సంగతి మీరు ఒక్క ముక్కలో చెప్పేశారు. రోజుకూలీ ఎంతో రాయలేదు. దారి తెలిసిన మనిషి లేకపోతే మీకు ట్రెక్కే లేదు, కాబట్టి ఆయనకు మీ గైడ్లతో సమానంగా ఇవ్వాలి, వానల వల్ల ట్రెక్ రద్దయితే కొంతైనా ఇవ్వాలి, ప్రమాద బీమా చేయించాలి. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ మీద కుంబు ఐస్‌ఫాల్ అనే మంచుగడ్డల వాలులో హిమపాతం విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. ఇతరులు ఎక్కడానికి దారి వేస్తూ, సామాన్లు మోస్తూ పోయినవాళ్లు వాళ్లు. ప్రభుత్వం మొదట ప్రకటించిన సాయం ఒక్కో కుటుంబానికి 40 వేల నేపాలీ రూపాయలు. షెర్పాలు ఇక ఎక్కేది లేదన్నారు, నేపాల్ వైపు ఆ ఏటి సీజను దాదాపు పూర్తిగా ఆగిపోయింది. మీ పెద్దాయన జారి కాలు విరిగితే ఆ ఇల్లు ఎలా గడుస్తుందో ఇప్పుడే లెక్క వేయండి.

ఒక హెచ్చరిక కూడా. శేషాచలం 2010 నుంచి జీవావరణ రిజర్వు, ఎర్రచందనం ఉన్న అడవి, అటవీ శాఖ నిఘా ఎక్కువ. అనుమతి లేని దారిలో ఎవరైనా బ్యాచ్‌ను తీసుకెళ్తే, కస్టమర్లు సాయంత్రం బస్సెక్కి ఊరికి పోతారు. కేసూ, అనుమానమూ ఆ అడవి పక్కనే బతికే యానాది మీద మిగిలిపోతాయి. అనుమతి పత్రం తీసుకోండి, దాన్లో ఆయన పేరు కూడా గైడ్‌గా రాయించండి, ఒక కాపీ ఆయన జేబులో ఉంచండి.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. కొండలెక్కే కోర్సు చేసి గైడ్ అవుతానంటోంది. ఆడపిల్లకు ఇది భద్రమేనా? ఎక్కడ నేర్పుతారు?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: నేర్చుకోనివ్వండి. డార్జీలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్, మనాలీలో ఉన్న సంస్థ, ఇవన్నీ ప్రభుత్వ ఆధ్వర్యంలోవే. ప్రైవేటు సర్టిఫికెట్ల కంటే వీటికే విలువ. ముందు బేసిక్ కోర్సు, దాన్లో ఏ గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్‌కి తీసుకుంటారు. గైడ్‌గా స్థిరపడాలంటే ఆ తర్వాత సెర్చ్ అండ్ రెస్క్యూ, నేర్పే పద్ధతుల కోర్సు కూడా చేయించండి. ఆడపిల్లలకు విడిగా నడిపే బ్యాచ్‌లు కూడా ఉంటాయి. సీట్లు త్వరగా నిండుతాయి, చాలా ముందుగా దరఖాస్తు పెట్టాలి.

మన తెలుగు పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. నిజామాబాద్ జిల్లాలో గిరిజన కుటుంబం, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. భువనగిరి బండ మీద మొదలుపెట్టి డార్జీలింగ్ దాకా వెళ్లి, శిక్షణంతా పూర్తయ్యాకే ఎక్కింది.

భద్రత గురించి మీరు అడగాల్సింది మీ అమ్మాయిని కాదు, రేపు ఆమెకు ఉద్యోగం ఇచ్చే కంపెనీని. ఆడ గైడ్లు ఎంతమంది, వాళ్లలో తాళ్ల పని చేసేవాళ్లు ఎవరు, విడి టెంటు ఉందా, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి, బీమా ఎంత. చేరే రోజు మీరూ వెంట వెళ్లి ఇవి అడిగినా తప్పులేదు. ఈలోగా ఆమెను వారానికి మూడు రోజులు శ్రీవారి మెట్టు ఎక్కి దిగమనండి, 2,388 మెట్లు. తొలి నెల వట్టి చేతులతో, తర్వాత వీపు మీద బరువు పెట్టుకుని. బేసిక్ కోర్సులో బరువు మోస్తూ నడవడమే పిల్లలను మొదటి వారంలో కుంగదీసేది. షూస్ కొత్తవి కొంటే కోర్సుకు రెండు నెలల ముందే కొని, ఆ మెట్ల మీదే అలవాటు చేయించండి.